పాతబస్తీకి టేపు తీసుకెళ్ళకు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కాలేజీ పని మీద నెల రోజుల పాటు ప్రతి ఆదివారం పాతబస్తీలో ఒంటరిగా తిరుగుతావట, పాత ఇళ్ళ వాకిళ్ళు గీస్తావట. ఆమె కంగారు చూసి కోప్పడ్డాను. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదనుకో. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు బల్ల మీద వంగి నడుము పోగొట్టుకున్నవాడి మేనకోడలు, బుద్ధి ఎక్కడికి పోతుంది అని కాసేపు మురిసిపోయాను కూడా.

నీళ్ళ సీసా, టోపీ సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండు. దుకాణాలు తెరిచాక సరుకులూ బండ్లే తప్ప గోడలు కనపడవు. తల ఎత్తి చూడాలంటే ముందు కాళ్ళు ఆపు. వాన వెలిసిన మరునాడు పాత ఛజ్జాల కింద, అంటే గోడ బయటికి పొడుచుకొచ్చిన చూరుల కింద నిలబడవద్దు. నీరు తాగిన సున్నపు గోడ చెప్పి కూలదు.

నయాపూల్ దగ్గర బస్సు దిగి వంతెన మీద ఒక నిమిషం ఆగు. ఇవాళ ముక్కు మూసుకుని దాటే ఈ మూసీయే 1908 సెప్టెంబరులో ఊరి మీద పడి వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. నువ్వు గీయబోయే వాటిలో చాలా భాగం ఆ వరద తర్వాతివే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీలో బారులు తీరిన ఆ రాతి కమానులు దాని చలవే. కొత్తగా వచ్చినవాళ్ళు వాటినీ కుతుబ్‌షాహీల ఖాతాలో వేస్తారు. చార్మినార్‌ది 1591. పత్తర్‌గట్టీ మీ ముత్తాత ఈడుది. నీ నోట్సులో ఈ తప్పు కనిపిస్తే ఊరుకోను.

మచ్లీ కమాన్ దాటి గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర నాలుగు వైపులా తిరిగి చూడు. నాలుగు దిక్కులా నాలుగు కమానులు. దక్షిణపు కమానులోంచి చార్మినార్ కనబడుతుంది. అది చూసిన మొదటి రోజు నేను మధ్యాహ్న భోజనం మరిచిపోయాను. నువ్వు మరిచిపోవద్దు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1984లో నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. ఆదివారాలు నీలాగే తిరిగేవాణ్ణి. శాలిబండ వైపు ఒక గల్లీలో పాత దేవిడీ, అదే పెద్ద భవంతి, ఒకటి చూశాను. పెద్ద టేకు తలుపులు, పైన కమాను, దాని చుట్టూ గచ్చుతో చేసిన తీగలు, పువ్వులు. పిచ్చి పట్టింది. ఇంట్లో ఎవరినీ పిలవలేదు. వెంట వచ్చిన స్నేహితుడి చేతికి టేపు ఒక కొస ఇచ్చి, కొలత తప్పకుండా గోడ మీద అక్కడక్కడ ఎర్ర సుద్దతో గీతలు పెట్టాను. పదేళ్ళ పిల్లవాడు తలుపు సందులోంచి చూస్తూ ఏం చేస్తున్నారని అడిగాడు. 'కొలతలు' అన్నాను. అంతే. ఆ ఒక్క మాట.

ఒక కొలత మరిచిపోయానని మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. తలుపులు లేవు, చట్రం లేదు. కమాను కింద తాటాకు తడిక కట్టి ఉంది. ఆ ఇంటి పెద్దాయన నన్ను గుర్తు పట్టలేదు. లోపలికి రమ్మని కుర్చీ వేసి, టీ తెప్పించి, తనే చెప్పుకొచ్చాడు. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి గోడకు గుర్తులు పెట్టి పోయారట. వాళ్ళు కూలగొడితే కలప కూడా దక్కదని, తామే తలుపులు ఊడదీసి అడితికి అమ్మేశారట. 'మా తాత పెట్టించిన తలుపులు బాబూ' అని, ఎర్ర గీతలు చూపించాడు. వాటిని కడిగేయడానికి కూడా భయపడ్డారు.

నేను చెప్పలేదు. టీ తాగాను, చాలా బాగుందన్నాను, వచ్చేశాను.

ఇప్పుడు అర్థమైందా టేపు ఎందుకు వద్దంటున్నానో? అడుగులతో కొలువు, జానతో కొలువు, వాకిట్లో నిలబడిన మనిషి ఎత్తుతో పోల్చుకో. సుద్దముక్క నీ సంచిలో ఉందని తెలిస్తే నేనే వచ్చి పారేస్తాను. ముందు తలుపు తట్టు, సలాం చెప్పు, ఎందుకు వచ్చావో చెప్పు. పిల్లలు అడిగితే పుస్తకం చేతికిచ్చి చూపించు. ఫోటో తీసుకుని వచ్చేస్తే సరిపోదా మామయ్యా అని అడుగుతావు, నాకు తెలుసు. ఫోటో తీసేది ఒక్క క్షణం, ఎవరికీ నువ్వు ఎవరో తెలియదు. గంట సేపు కూర్చుని గీస్తే ఎవరో ఒకరు మంచినీళ్ళు తెస్తారు, ఆ ఇంటి కథ చెబుతారు. కాళ్ళు నొప్పి పెడితే సిగ్గుపడకుండా ఎక్కడైనా కూర్చో, బంగారు తల్లీ. చిన్నప్పుడు బోనాల జాతరలో నా భుజం మీద నిద్రపోయినదానివి, నీ ఓపిక నాకు తెలియనిదా.

ఆనాటి బొమ్మ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఒక కొలత ఇప్పటికీ ఖాళీయే. నీ చేత పంపించి ఆ ఇంట్లో ఇప్పించాలని రెండు రోజులు ఆలోచించాను. కానీ నా మాట నువ్వెందుకు చెప్పాలి? మూడో ఆదివారం నేనూ వస్తాను. మదీనా దగ్గర ఏడింటికి కలుద్దాం. శాలిబండ దాకా మెల్లిగా నడుద్దాం, నా మోకాళ్ళ కోసం చార్మినార్ దగ్గర ఒకసారి టీకి ఆగుదాం. ఆ గల్లీ నేను గుర్తు పట్టగలను. మీ అమ్మకు మాత్రం చెప్పకు, ఆటోలో రమ్మంటుంది.

ఇట్లు,
నీ మామయ్య