ఈసీజీ బాగుందన్నారు.. మరి ఈ గుండెదడ ఎందుకు?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 29. తాడిపత్రిలోని ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. రోజూ బస్సులో వెళ్లివచ్చేదాన్ని. రెండు నెలల కిందట బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఊపిరాడలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ప్రాణం పోతోందనిపించి దారిలోనే దిగిపోయాను. ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు బాగున్నాయన్నారు. తర్వాత కూడా అలాగే అవుతుంటే బస్సెక్కడం మానేశాను. ‘అంతా నీ భ్రమ’ అంటారు మావారు. గాలి సోకిందేమో, కసాపురం ఆంజనేయస్వామి గుడికి వెళదామంటారు అత్తమ్మ. నాకేమైంది?

జవాబు: ఈసీజీ బాగుందంటే మీ బాధ అబద్ధమని అర్థం కాదమ్మా. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి. మీరు రాసినవి ప్యానిక్ ఎటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం, లక్షణాలు. కాళ్ల ముందు పాము కనబడితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గుండె పరుగందుకుంటుంది. మీకు పాము లేకుండానే అదంతా జరుగుతోంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తిమ్మిర్లు, కళ్లు తిరగడం అందువల్లే. సాధారణంగా పది నిమిషాల్లోపు తీవ్రమై, అరగంటలో సద్దుమణుగుతుంది. దానివల్ల ప్రాణం పోదు.

నా దిగులంతా మీరు బస్సు మానేయడం గురించే. దిగాక దడ తగ్గింది కాబట్టి, దిగినందువల్లే బతికానని మీ మనసు నమ్మింది. సీట్లో కూర్చునే ఉన్నా తగ్గేది! ఆ నమ్మకాన్ని అలాగే వదిలేస్తే ఇవాళ బస్సు, రేపు బజారు, ఎల్లుండి పెళ్లిళ్లు మానిపిస్తుంది. అందుకే, మీవారిని వెంటబెట్టుకుని ముందు తాడిపత్రి దారిలో దగ్గర్లోనే ఉన్న బుక్కరాయసముద్రం వరకే వెళ్లిరండి. దడ మొదలైనా దిగకండి, దాంతో పెనుగులాడకండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఆ దూరం అలవాటయ్యాక ఇంకొంచెం ముందుకు, ఆ తర్వాత ఒంటరిగా.

ఈ పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్సలో, క్రమంగా చేయిస్తారు. సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. మందులు రాస్తే గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోవద్దు. అర్ధరాత్రి భయం పట్టుకుంటే 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అయితే మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో ఛాతీ నొప్పి వచ్చినా, అది ఎడమ చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఇది ప్యానికేలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అత్తమ్మతో కసాపురం తప్పక వెళ్లండి, ఆవిడ మీ మీద బెంగతోనే అడుగుతున్నారు. డాక్టరు దగ్గరికి కూడా ఆవిడనే తోడు రమ్మనండి. ఇక ఉద్యోగం సంగతి. ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి, కొన్నాళ్లు సెలవు అడిగి చూడండి.