హ్యాడ్‌లాక్ మెషీన్ పేరు కాదు. డేటు మాత్రం మొదటిదే ఉంచండి

పర్లాకిమిడిలో పదో వారం స్కానింగులో ఇచ్చిన డెలివరీ డేటు, శ్రీకాకుళంలో 32వ వారం స్కానింగుకి 12 రోజులు ఆలస్యంగా మారిందన్నారు. రిపోర్టు కింద ‘హ్యాడ్‌లాక్’ అని ఉంది, అదేం మెషీనని అడిగారు.

మెషీన్ కాదండీ, మనిషి. ఫ్రాంక్ హ్యాడ్‌లాక్ అమెరికాలో హ్యూస్టన్ రేడియాలజిస్టు. కడుపులో బిడ్డని అల్ట్రాసౌండ్‌తో చూడొచ్చని గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లోనే చూపించింది. హ్యాడ్‌లాక్ బృందం తల అడ్డం కొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కలిపి వయసు కట్టే లెక్కని 1984లో, బరువు అంచనా వేసే సూత్రాన్ని 1985లో ఇచ్చింది. రాయగడ మెషీన్లోనైనా విశాఖ మెషీన్లోనైనా అవి ఎక్కించే ఉంటాయి.

పదో వారంలో కొలిచేది తల నుంచి పిర్రల దాకా పొడవు. అప్పుడు తేడా వారం లోపే. 28 వారాలు దాటాక మూడు వారాల దాకా ఉండొచ్చు. అందుకే మొదటి డేటు మార్చకూడదు. మారిస్తే బిడ్డ నిజంగా ఎదగకపోయినా కాగితం మీద సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అదే.

ఎక్కువగా తప్పేది పొట్ట కొలత. అడ్డకోత గుండ్రంగా రావాలి, జీర్ణాశయం, బొడ్డు సిర కనిపించాలి, కిడ్నీలు కనిపించకూడదు. ప్రోబ్ (తల్లి పొట్ట మీద పెట్టే స్కానింగు పరికరం) గట్టిగా నొక్కినా, ఏటవాలుగా పట్టినా కొలత చెడుతుంది, దాంతో బరువూ చెడుతుంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, ఉమ్మనీరు తక్కువైనా తల పొడుగ్గా నొక్కుకుంటుంది. అప్పుడు అడ్డం కొలత తక్కువ చూపిస్తుంది, చుట్టుకొలతే నమ్మాలి. అన్నీ సరిగ్గా తీసినా బరువులో 15 శాతం అటూ ఇటూ మామూలే: రెండు కిలోలంటే 300 గ్రాములు.

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి వారాలు కాదు, మిల్లీమీటర్లు చూడండి. మిల్లీమీటర్లని వారాలుగా మార్చే పట్టిక ఒక్కో సెంటర్లో ఒక్కోటి పెట్టి ఉండొచ్చు. అన్ని కొలతలూ తగ్గాయా, పొట్ట ఒక్కటే వెనకబడిందా అన్నది డాక్టరు గారిని అడగండి. పొట్ట ఒక్కటే అయితే డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కానింగు) అవసరమేమో తేలుస్తారు, ఆలస్యం చేయొద్దు. ఎదుగుదల కోసం మళ్ళీ స్కానింగంటే కనీసం రెండు వారాలు, మూడైతే మేలు, ఎడం ఉండాలి. బరంపురం పంపినా మొదటి రిపోర్టు వెంట తీసుకెళ్ళండి, ఆశా దీదీ కార్డులోనూ ఆ డేటే రాయించండి.