ట్రీ వ్యూలో విండోస్ సొంత ఫైల్ ఐకాన్లను చూపించడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ కొట్టు కోసం సి షార్ప్ విన్‌ఫారమ్స్‌లో రాస్తున్న అప్లికేషన్‌లో, బిల్లుల ఫైళ్లకు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే ఐకాన్లే ట్రీ వ్యూలోనూ (ఫైళ్లను కొమ్మల్లా చూపే జాబితాలోనూ) రావాలని అడిగారు. ఐకాన్ బొమ్మలను మీరే సేకరించి పెట్టుకోవద్దు. ఏ రకం ఫైలుకు ఏ ఐకాన్ అన్నది ఆ కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములను బట్టి మారుతుంది కనుక, విండోస్‌నే అడగాలి.

విండోస్ లైబ్రరీ అయిన షెల్32లోని ఎస్‌హెచ్‌గెట్‌ఫైల్‌ఇన్ఫో ఫంక్షన్‌ను ఐకాన్, స్మాల్ ఐకాన్ ఫ్లాగులతో పిలిస్తే ఐకాన్ హ్యాండిల్ (ఆ ఐకాన్‌ను గుర్తించడానికి విండోస్ ఇచ్చే సంఖ్య) వస్తుంది. యూజ్‌ఫైల్‌ఆట్రిబ్యూట్స్ ఫ్లాగును కూడా జోడిస్తే, అది డిస్కులోని ఫైలును తాకకుండా పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను మాత్రమే చూసి జవాబిస్తుంది కాబట్టి, ఫైళ్లు నెట్‌వర్క్ డ్రైవులో వేలకొద్దీ ఉన్నప్పుడు ఎంతో సమయం కలిసివస్తుంది. ఎక్స్‌టెన్షన్‌నే కీగా పెట్టి బొమ్మను ఇమేజ్ లిస్టులో (ట్రీ వ్యూ వాడుకునే బొమ్మల జాబితాలో) ఒక్కసారే చేర్చి, ప్రతి నోడ్‌లోనూ (ట్రీలోని ఒక్కో అంశంలోనూ) ఇమేజ్‌కీ, సెలెక్టెడ్‌ఇమేజ్‌కీ రెండింటికీ అదే ఇవ్వండి. రెండోది వదిలేస్తే, నోడ్‌ను ఎంచుకోగానే లిస్టులోని మొదటి బొమ్మ వచ్చి కూర్చుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది హ్యాండిల్‌ను విడుదల చేయడం. ఫ్రమ్‌హ్యాండిల్‌తో చేసిన ఐకాన్‌ను డిస్పోజ్ చేసినా అసలు హ్యాండిల్ పోదు. అందుకే టుబిట్‌మ్యాప్‌తో నకలు తీసుకున్న వెంటనే, హ్యాండిల్‌ను విడుదల చేసే డిస్ట్రాయ్‌ఐకాన్‌ను తప్పక పిలవండి. ఒక ప్రాసెస్‌కు మామూలుగా 10,000 యూజర్ ఆబ్జెక్టులే (విండోలు, ఐకాన్ల వంటివి) పరిమితి కనుక, ఈ పని మరిచిన అప్లికేషన్ రోజంతా నడిచే కొట్టులో సాయంత్రానికి చతికిలపడవచ్చు.

ఈఎక్స్ఈ, ఐసీఓ ఫైళ్లకు ఒక్కోదానికి సొంత ఐకాన్ ఉంటుంది కాబట్టి, వాటికి మాత్రం ఆట్రిబ్యూట్స్ ఫ్లాగు తీసేసి, పూర్తి పాత్‌నే కీగా వాడండి.