బైండింగ్‌కి పంపామంటే నమ్మకు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్,

మొన్న ఫోన్లో నువ్వు ఏడ్చినంత పని చేశావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఎవరో తల్లిదండ్రులు గొడవ చేస్తే పాప వాళ్ల బడి లైబ్రరీలోంచి కథల పుస్తకం తీసేశారని, హెడ్మాస్టరు గారిని కడిగేస్తానని అన్నావు. ఆ పని చెయ్యకు. ముందు ఆ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదువు. గొడవ చేసినవాళ్లు ఎలాగూ చదివుండరు, వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటో చూసుంటారు. నువ్వూ చదవకుండా వెళ్తే ఆయన నాలుగో పేజీ గురించి అడిగినప్పుడు నీళ్లు నములుతావు.

చదివాక సాయంత్రం బడి వదిలిన తరవాత వెళ్లు. "తీసెయ్యమని ఎవరు రాసిచ్చారండీ?" అని మెల్లగా అడుగు. కాగితం ఉండదు, చూడు. ముప్పై ఏళ్లు బడి లైబ్రరీల్లో పనిచేశాను. అక్కడ పుస్తకాలు పోయేది ఆర్డర్లతో కాదు, ఫోన్ మాట మీద.

నా సంగతే చెబుతాను. మీ పిన్నికి కూడా పూర్తిగా చెప్పలేదు. ఎవరో పెద్దాయన ఫోన్ చేశారని, ఒక నవలని కాస్త పక్కన పెట్టమన్నారు మా పైవాళ్లు. పెట్టాను. చింపలేదు, పారెయ్యలేదు. ఇనప బీరువాలో పాత పత్రికల కట్టల కింద పెట్టి తాళం వేశాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి అడిగితే బైండింగ్‌కి పంపామమ్మా అన్నాను. వారం పోయాక "వచ్చిందా సార్?" అంటూ మళ్లీ వచ్చింది. ఇంకా లేదన్నాను. మూడోసారి రాలేదు. ఆ ఏడాది పుస్తకాల లెక్క చూసే స్టాక్ వెరిఫికేషన్‌లో ఆ నవల నంబరు పక్కన ఉన్నట్టు టిక్కు పెట్టింది కూడా నేనే.

అందుకే నిన్ను అక్సెషన్ రిజిస్టరు చూపించమని అడగమంటున్నాను. లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు ఉంటుంది. తీసేస్తే ఆ వరసలోనే రిమార్క్స్ గడిలో కారణం, తేదీ రాసి సంతకం పెట్టాలి. ఆ గడి ఖాళీగా ఉంటే పుస్తకం బడిలో ఉన్నట్టే లెక్క. "ఉంది కదండీ, పాప పేరు మీద రాసివ్వండి" అను. లైబ్రరీ చూసే టీచరు మీద మాత్రం ఎగరకు. పాపం, అప్పుడు నేనున్న చోటే ఇప్పుడు ఆవిడ ఉండుంటుంది. నీ అర్జీలో ఆవిడ పేరు కూడా రానివ్వకు.

ఏ తరగతికి ఏ పుస్తకమో చూసుకునే పని హెడ్మాస్టరుదే, అది కాదనకు. ఆరో తరగతికి వద్దు, పదికి ఇస్తామంటే ఒప్పుకో. కానీ ఏం చేసినా రాసి చెయ్యమను. ప్రభుత్వమే ఒక పుస్తకాన్ని జప్తు చెయ్యాలన్నా కారణాలు చెబుతూ నోటిఫికేషన్ ఇవ్వాలి, దాని మీద 2 నెలల్లోగా హైకోర్టుకి వెళ్లొచ్చు. మన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి నవలని తెల్లదొరతనం నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం పోయింది. కాగితం మీద ఉంది కాబట్టి కొట్టేశారు. నా బీరువా తాళాన్ని ఎవరు కొట్టెయ్యాలి?

అయినా మాట దాటేస్తే, సర్కారు బడే కదా, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. ఎవరు చెప్పారు, ఎప్పుడు తీశారు, ఇప్పుడెక్కడుంది, ఈ మూడే అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉపన్యాసాలు రాయకు, నీకా జబ్బు ఉంది.

ఆ గొడవ మొదలుపెట్టిన తల్లి ఇంటికి కూడా ఒకసారి వెళ్లు. పుస్తకం చేతికిచ్చి, చదివి చెప్పండి అను. అందరూ మారరు గానీ ఆవిడ భయం ఏమిటో నీకు తెలుస్తుంది. చాలాసార్లు అది పుస్తకం గురించి కాదు, చేతికి అందకుండా పోతున్న కూతురి గురించి.

ఈలోగా పాప చదువు ఆగనివ్వకు. విజయవాడ పటమటలో సర్వోత్తమ గ్రంథాలయం మీకు దగ్గరే. జిల్లా గ్రంథాలయంలోనూ అడుగు, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం.

దరఖాస్తు రాశాక ఫొటో తీసి పంపు, దిద్దుతాను. అద్దాలు మార్పించాను, ఇప్పుడు చిన్నక్షరాలు కూడా కనబడుతున్నాయి.

మీ బాబాయి