మచ్చ తర్వాత, ముందు కుడికాలు

తమ్ముడూ,

ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రాంక్ రిబెరీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో వాక్యం దగ్గరే పక్కన పెట్టేశాను. "విధి ఆ పసిమొహం మీద తన సంతకం చేసింది" అన్నావు. ఫ్రాంక్ రిబెరీకి రెండేళ్ల వయసులో కారు ప్రమాదం జరిగింది, మొహానికి వందకు పైగా కుట్లు పడ్డాయి. ఈ రెండు ముక్కలు చాలు, చదివేవాడికి గుండె కలుక్కుమంటుంది. సంతకానికి విధిని పిలవక్కర్లేదు. మొత్తం వ్యాసంలో మచ్చ ఆరుచోట్ల వచ్చింది, కుడికాలు ఒక్కచోటా రాలేదు. ఆ మనిషి అన్నం తిన్నది కాలితో.

వింగర్ మీద, అంటే మైదానం పక్కగీత వెంబడి దాడి చేసే ఆటగాడి మీద, రాసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఏ కాలివాటం, ఏ పక్క, ఎదురుగా ఎవడు అన్నది. రిబెరీది కుడికాలివాటం, జర్మన్ క్లబ్ బయర్న్ మ్యూనిక్‌లో ఆడింది ఎడమ పక్క. అతని కథంతా ఈ తిరకాసులోనే ఉంది. ఎడమ పక్కగీత (టచ్‌లైన్) దగ్గర బంతి అందుకున్న కుడికాలివాడు సహజంగా లోపలికి, గోల్ వైపు తిరగాలని చూస్తాడు. ఎదురుగా ఉన్న రైట్‌బ్యాక్‌కి, అంటే కుడిపక్క డిఫెండర్‌కి, ఆ సంగతి తెలుసు కాబట్టి లోపలి దారి మూసి, వాణ్ని గీతవైపు నెడతాడు. అప్పుడు వెనకనుంచి బయర్న్ ఎడమపక్క డిఫెండర్ డేవిడ్ అలాబా గీత వెంబడే పరిగెత్తుకొస్తాడు. రైట్‌బ్యాక్ ఒక్క అడుగు అటు వేస్తే లోపలి దారి తెరుచుకుంటుంది, వెయ్యకపోతే బంతి అలాబాకి పోతుంది. అలాబా రాని రోజున ఇద్దరు కలిసి లోపలి దారి మూసేస్తారు, రిబెరీ బంతిని వెనక్కి ఇచ్చుకుంటాడు. వేగం ఉన్న వింగర్ కూడా కొన్ని మ్యాచుల్లో కనపడకుండా పోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇదంతా వదిలేసి నువ్వు "మెరుపువేగంతో దూసుకెళ్లాడు" అని నాలుగుసార్లు రాశావు. మెరుపు ఎటు దూసుకెళ్లింది? డిఫెండర్ బరువు ఏ కాలిమీద ఉందో చూడు. రిబెరీ భుజం ఒకవైపు వంచుతాడు, డిఫెండర్ ఆ వైపు కాలిమీద బరువు మోపుతాడు, బరువు మోపిన కాలు వెంటనే లేవదు. బంతి ఆ కాలి పక్కనుంచే పోతుంది. ఇది రాయడానికి రెండు వాక్యాలు, చూడటానికి పది రీప్లేలు పడతాయి. తప్పదు.

ఒక జాగ్రత్త. టీవీ తెరమీద ఎడమ, ఆటలో ఎడమ ఒకటి కావు. మొదటి సగంలో కెమెరాకి దూరపు గీత దగ్గర ఆడిన లెఫ్ట్ వింగర్, జట్లు గోల్‌పోస్టులు మారాక దగ్గరి గీత మీదికొస్తాడు. దాడి చేస్తున్న జట్టు మొహం ఎటుంటే ఆ లెక్కనే కుడిఎడమలు చెప్పాలి. నువ్వు బయర్న్ రెండో వింగర్ రాబెన్‌ని ఒకచోట ఎడమకు పంపేశావు. రాబెన్ ఎడమకాలివాటంతో కుడిపక్క ఆడేవాడు. అతను లోపలికే తిరుగుతాడని ఊరందరికీ తెలుసు. రిబెరీ మాత్రం బయటికి వెళ్లి ఎడమకాలితోనూ క్రాస్ చెయ్యగలడు, డిఫెండర్‌కి ఇద్దరిలో అతనే పెద్ద తలనొప్పి.

2013 మే 25న వెంబ్లీలో డార్ట్‌మండ్ మీద జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్‌ని నువ్వు "రాబెన్ గోల్‌తో బయర్న్ గెలిచింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాల్సింది. 60వ నిమిషంలో ఎడమనుంచి డార్ట్‌మండ్ డిఫెన్స్ వెనక్కి రాబెన్‌కి బంతి జార్చింది రిబెరీ. దాన్ని రాబెన్ మధ్యలోకి పంపితే బయర్న్ స్ట్రైకర్ మాంజుకిచ్ లోపలికి నెట్టాడు. డార్ట్‌మండ్ ఆటగాడు గుండోగాన్ పెనాల్టీతో 1-1. 89వ నిమిషంలో వెనకనుంచి పొడుగ్గా వచ్చిన బంతిని గోల్‌కి వీపు పెట్టి ఆపి, మడమతో వెనక్కి తోశాడు రిబెరీ. పరిగెత్తుకొచ్చిన రాబెన్ పని ముగించాడు. స్కోరుకార్డులో రిబెరీ పేరు గోల్ పక్కన ఉండదు. బయర్న్‌కి 425 మ్యాచుల్లో అతను కొట్టినవి 124 గోల్స్, ఫ్రాన్స్‌కి 81 మ్యాచుల్లో 16. నువ్వన్న "గోల్స్ యంత్రం" ఈ అంకెల్లో ఎక్కడా లేదు.

"గోల్స్ వర్షం", "సుడిగాలి" లాంటి మాటలు నీకు ఎక్కడ అంటుకున్నాయో నాకు తెలుసు. మన స్పోర్ట్స్ డెస్కుల్లో ఫుట్‌బాల్ అంటే క్రికెట్ పోగా పేజీ అడుగున మిగిలిన మూడంగుళాలు. ఆ మూడంగుళాల్లో కాలు, పక్క, నిమిషం అన్నీ కోసేసి మెరుపొక్కటే మిగులుస్తారు. నలభై ఏళ్లుగా అదే కత్తెర.

ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ రిబెరీకి రాలేదన్న పేరాలో "పట్టపగలు దోపిడీ" అన్నావు. కోపం ఉంటే ఉండనీ, తేదీలు చెప్పు. 2013లో బయర్న్‌కి లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి, ఆగస్టులో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రిబెరీనే యూరప్ ఉత్తమ ఆటగాడిగా ఎంచింది. బాలన్ డి'ఓర్ ఓటింగ్ నవంబర్ 15న ముగియాలి. ఓట్లు చాలినన్ని రాలేదంటూ ఫిఫా గడువును 29కి పొడిగించింది. మధ్యలో 19న స్వీడన్ మీద రొనాల్డో మూడు గోల్స్ కొట్టాడు. చివరికి రొనాల్డోకి 1365, మెస్సీకి 1205, రిబెరీకి 1127 పాయింట్లు. ఇవి వరసగా పెట్టు, దోపిడీయో కాదో చదివేవాడు చూసుకుంటాడు.

అతను మొదట్లో ఆడిన ఆలెస్ క్లబ్ దివాలా తీశాక సొంతూరు బూలోన్‌కి తిరిగొచ్చి తండ్రితో కూలిపనికి వెళ్లిన పేరా బాగుంది. విశేషణం ఒక్కటీ లేదందులో. ఆ తర్వాతి మెట్లు మాత్రం గజిబిజి చేశావు. 2003లో మూడో డివిజన్లో బ్రెస్ట్, 2004లో మెట్జ్ (ఫ్రెంచివాళ్ల నోట అది "మెస్"), 2005 జనవరిలో టర్కీ క్లబ్ గలతసరాయ్. అక్కడ జీతం రాలేదని ఆర్నెల్లకే మళ్లీ ఫ్రాన్స్‌లో మార్సే. గలతసరాయ్ వేసిన కేసును 2007లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కొట్టేసింది. మెట్జ్‌లో అతనికి కోచ్‌గా ఉన్న జాన్ ఫెర్నాండెజే మార్సేలోనూ కోచ్. నీ వ్యాసంలో లేని పేరది, చేర్చు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది తర్వాత చూద్దాం.

నువ్వు 2019 మేలో మ్యూనిక్ వీడ్కోలు పూలగుత్తుల దగ్గర కథ ఆపేశావు. ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఆఖరి లీగ్ మ్యాచ్‌లో అతనూ రాబెనూ ఇద్దరూ బెంచీమీంచి దిగి చెరో గోల్ కొట్టారు కదా, ఆపాలనిపించడం సహజమే. కానీ ఇంకా మూడేళ్లున్నాయి. వింగర్ మోకాళ్లు అరుగుతాయి. వేగంలో ఉండగా ఒక్క కాలిమీద ఆగి, ఆ కాలిమీంచే మళ్లీ లేవాలి, ప్రతి మ్యాచులో పదులసార్లు. ఇటలీ క్లబ్ ఫియొరెంటీనాలో అతను గీత వదిలి మధ్యకి జరిగాడు, రెండో స్ట్రైకర్‌లా ఆడాడు. 2021లో అక్కడే సలెర్నితానా. 2022 మే 22న ఆ జట్టు సొంత మైదానంలో ఉడినేసే చేతిలో 0-4తో ఓడింది. అదే సమయానికి వెనిస్‌లో, కింది డివిజన్‌కి జారకుండా సలెర్నితానాతో పోటీపడుతున్న కాగ్లియారి 0-0 దాటలేకపోయింది. సలెర్నితానా 31 పాయింట్లతో ఇటలీ మొదటి డివిజన్ సీరీ-ఆలో ఉండిపోయింది. అక్టోబర్‌లో, 39 ఏళ్లకి, మోకాలివల్లే రిబెరీ ఆట మానేశాడు. వ్యాసం అక్కడిదాకా తీసుకెళ్లి మళ్లీ పంపు.