రోడ్డు వెడల్పయితే పిన్ని ఇడ్లీ బండి ఎటు పోతుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గంజాం జిల్లా, బరంపురం పక్కన. నాన్నది పట్టు మగ్గం, నేను బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. మా బజారు రోడ్డు వెడల్పు చేస్తారంటున్నారు, మా పిన్ని ఇడ్లీ బండి అక్కడే. ఊరు బాగుపడాలి, ఇలాంటివాళ్ళ బతుకూ పోకూడదు, ఆ పని చేసే ఉద్యోగాలు ఉంటాయా? ఇంజినీరింగ్ చదవలేదు కదా అని భయం. ఇంట్లో బీఎడ్ చెయ్యమంటున్నారు.
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంటాయమ్మా, అర్బన్ ప్లానింగ్, అంటే పట్టణ ప్రణాళిక అంటారు దాన్ని. ఇంజినీరింగ్ లేదని దిగులెందుకు, ఈ పనిలో ప్లాన్ల గీతలు గీసేవాళ్ళకి కొదవ లేదు, బజార్లో నిలబడి లెక్క చూసేవాళ్ళకే కొదవ. నా సంగతే చెప్తా, ప్లానింగ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊళ్ళో చేపలమ్మేవాళ్ళకని రేకుల షెడ్డు, గట్లు, లైట్లు అన్నీ ప్లాన్ చేసి కట్టించాం, ఆర్నెల్లు ఒక్కరూ వచ్చి కూర్చోలేదు. ఎందుకంటే బస్సు దిగిన జనం ఇళ్ళకెళ్ళే దారికి అది వెనకపక్క పడింది. ఆ మాట మేం అడిగుంటే ఏ చేపలావిడైనా ఒక్క నిమిషంలో చెప్పేది. అడగలేదు, అంతే.

మీ పిన్ని విషయానికొస్తే 2014 వీధి వ్యాపారుల చట్టం ఒకటుంది. ముందు సర్వే చేసి సర్టిఫికెట్లు ఇవ్వాలి, అప్పటిదాకా ఉన్నవాళ్ళని లేపకూడదు, తర్వాత కదపాలన్నా 30 రోజుల నోటీసివ్వాలి. ఇవన్నీ చూసే టౌన్ వెండింగ్ కమిటీ, అంటే ఊరి వీధి వ్యాపారాల కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. కాయితం మీద బాగానే ఉంది, ఆ సర్వేలో పిన్ని పేరుందో లేదో రేపే కనుక్కో, నీ మొదటి ఫీల్డ్‌వర్క్ అదే అనుకో.

ఒడిశాలో ఉండడం నీకు కలిసొచ్చేదే. 2017 చట్టంతో బస్తీల్లో ఇళ్ళ స్థలాలకి హక్కు పత్రాలివ్వడం మొదలైంది, దాన్నే జగా మిషన్ అంటారు, 2019లో వరల్డ్ హ్యాబిటాట్ అవార్డు కూడా వచ్చింది. 2020లో లాక్‌డౌన్‌లో పనుల్లేనప్పుడు పట్టణాల్లో కాలవలు, చిన్న చిన్న పనులు కాంట్రాక్టర్లకి కాకుండా బస్తీ సంఘాలకీ మహిళా సంఘాలకీ ఇచ్చారు, కూలి డబ్బు ఆ వీధిలోనే తిరిగింది. నువ్వడిగిన పనంటే ఇదే.

చదువంటావా, ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అర్బన్ పాలసీ ఎంఏ ఉంది, ఏ డిగ్రీ అయినా పర్లేదు. ఎంఏ ఎకనామిక్స్ అయ్యాక ప్లానింగ్ పీజీకి కూడా వెళ్ళొచ్చు, విజయవాడలో ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, గేట్ పరీక్ష స్కోరు పనికొస్తుంది, రూల్స్ మాత్రం ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకో. ఉద్యోగాలు మున్సిపాలిటీ ప్రాజెక్టుల్లో, ఎన్జీవోల్లో, కన్సల్టెన్సీల్లో. మొదట్లో ఎక్కువగా కాంట్రాక్టువే, ఈ మాట దాచను, ఇంట్లో కూడా దాచొద్దు. బీఎడ్ కావాలంటే తర్వాతైనా చెయ్యొచ్చు.

ఇంకోటి, నీకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు, హిందీ కూడా వచ్చే ఉంటుంది. బస్తీలో ఆఫీసరు ఒడియాలో అడిగితే మీ తెలుగు ముసలమ్మ నోరు మెదపదు, నువ్వడిగితే అప్పుల దగ్గర్నుంచి మొదలెడుతుంది.

ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. మీ నేత వీధిలో మగ్గాలెన్ని నడుస్తున్నాయి, ఎన్ని మూలపడ్డాయి, నూలు ఎవరిస్తున్నారు, చీరకి చేతికొచ్చేదెంత, రాసుకో. బరంపురం పట్టుకి జీఐ, అంటే ఆ ఊరి సరుకన్న గుర్తింపుంది కదా, దాని వల్ల మీ నాన్నగారి కూలి రూపాయైనా పెరిగిందా? ముందు ఆయన్నే అడిగి నాకు రాయి.