ప్రాణంతో చేరుతుందని హామీ ఇచ్చిన పాము దారిలోనే చనిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: దూరప్రాంతంలో ఉన్న ఒక పెంపకందారు దగ్గర ఆన్‌లైన్‌లో బాల్ పైథాన్ పిల్లను కొన్నాను. వారి నిబంధనల్లో ‘లైవ్ అరైవల్ గ్యారంటీ’, అంటే ప్రాణంతో చేరుతుందన్న హామీ, స్పష్టంగా ఉంది. మరునాడు ఉదయం రావలసిన పెట్టె ఒక రోజు ఆలస్యంగా, ఆ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నేను ఉద్యోగానికి వెళ్లడం వల్ల, ముందుగా చెప్పి ఉంచిన పక్కింటివారు సంతకం చేసి తీసుకున్నారు. అయిదు గంటల తర్వాత నేను తెరిచి చూసేసరికి పాము చనిపోయి ఉంది. పొట్ట భాగం రంగు మారి, వాసన వస్తోంది. ఆ వారమంతా ఎండలు తీవ్రంగా ఉన్నా పెట్టెలో హీట్ ప్యాక్ పెట్టారు; అది అప్పటికీ వేడిగానే ఉంది. వెంటనే ఫోటోలు పంపాను. కొరియర్ ఆలస్యానికి హామీ వర్తించదని, చేరిన 2 గంటల్లోగా ఫోటోలు పంపలేదని, నేను స్వయంగా తీసుకోలేదని మూడు కారణాలు చెప్పి డబ్బు ఇవ్వనంటున్నారు. నాకు చట్టపరంగా హక్కు ఉందా?

జవాబు: మీ లేఖలో ఉన్న వివరాలను బట్టి మీకు హక్కు ఉందనే నా అభిప్రాయం. అయితే విక్రేత చెప్పిన మూడు కారణాలూ ఒకే బరువు గలవి కావు. ఒకటి చాలా బలహీనమైనది, ఒకటి పైకి కనిపించినంత బలమైనది కాదు, మిగిలిన ఒక్కటి మాత్రం మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టగలది. మీరు ఏ దేశంలో ఉన్నారో, విక్రేత ఏ దేశంలో ఉన్నారో రాయలేదు గనుక, వేర్వేరు చట్టాలు ఈ విషయాన్ని ఎలా చూస్తాయో అవసరమైన చోట చెబుతాను.

ముందుగా ఈ హామీ అసలు స్వరూపం ఏమిటో గ్రహించాలి. పెంపుడు జంతువు ప్రాణమున్న జీవి అయినప్పటికీ, అమ్మకపు చట్టం దానిని సరుకుగానే పరిగణిస్తుంది. సరుకు అమ్మినవారి చేతి నుంచి కొన్నవారి చేతికి వచ్చే మధ్యకాలంలో పాడైతే ఆ నష్టం ఎవరు భరించాలన్నది అమ్మకపు చట్టంలో చాలా పాత ప్రశ్న. లైవ్ అరైవల్ గ్యారంటీ అనేది ఆ ప్రశ్నకు విక్రేత తానుగా రాసుకున్న జవాబు. అది లేనిచోట చట్టం తన జవాబు ఇస్తుంది. అది ఉన్నచోట కూడా, చట్టం వినియోగదారుడికి ఇచ్చిన కనీస రక్షణను తగ్గించే అధికారం ఆ కాగితానికి అన్ని దేశాల్లోనూ ఉండదు. చాలామంది కొనుగోలుదారులు హామీ పత్రంలో ఉన్నదే తమకున్న మొత్తం హక్కు అనుకుని వెనక్కి తగ్గిపోతారు. అది పొరపాటు.

కొరియర్ ఆలస్యం గురించి మొదట చెబుతాను, ఎందుకంటే మీ వివాదంలో అసలు విషయం అదే. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ప్రకారం, వ్యాపారి పంపిన సరుకు వినియోగదారుడి చేతికి, లేదా తీసుకొమ్మని ఆయన సూచించిన వ్యక్తి చేతికి వచ్చేవరకు నష్టభయం, అంటే సరుకు పాడైతే ఆ నష్టాన్ని భరించే బాధ్యత, వ్యాపారిదే. ఈ నియమాన్ని ఒప్పందంలో మినహాయింపు రాసి తొలగించుకోవడానికి వీలులేదు. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ 20వ అధికరణం కూడా ఇదే చెబుతుంది. వ్యాపారి సూచించని కొరియర్‌ను వినియోగదారుడు తానే మాట్లాడుకుంటే మాత్రమే, సరుకు ఆ కొరియర్ చేతికి వెళ్లినప్పటి నుంచి నష్టభయం వినియోగదారుడిది అవుతుంది. కాబట్టి మీది ఈ దేశాల పరిధిలోని కొనుగోలు అయి, అమ్మినవారు వ్యాపారంగా అమ్మేవారైతే, ‘కొరియర్ ఆలస్యానికి మా బాధ్యత లేదు’ అన్న వాక్యం మీ మీద చెల్లదు.

అమెరికాలోనూ, భారతదేశంలోనూ పరిస్థితి ఇంత సూటిగా లేదు. అమెరికాలో అమ్మకాలను నియంత్రించే యూనిఫామ్ కమర్షియల్ కోడ్ ప్రకారం, ఫలానా చోట అప్పగించాలని ఒప్పందం ప్రత్యేకంగా కోరకపోతే, సరుకును రవాణాదారుకు సక్రమంగా అప్పగించగానే నష్టభయం కొనుగోలుదారుకు మారుతుంది. భారత సరుకుల అమ్మకపు చట్టం, 1930, 39వ సెక్షన్ కూడా రవాణాదారుకు అప్పగించడాన్ని ప్రాథమికంగా కొనుగోలుదారుకు అప్పగించినట్టే భావిస్తుంది. కానీ మీ విక్రేత ‘ప్రాణంతో చేరుతుంది’ అని హామీ ఇచ్చారు. చేరడం అనే మాటకు గమ్యస్థానంలో చేరడం తప్ప వేరే అర్థం లేదు. అందువల్ల దారిలోని నష్టభయాన్ని విక్రేత తన మీద వేసుకున్నారని, తర్వాత చిన్న అక్షరాల్లో ఆలస్యం పేరుతో దానిని వెనక్కి తీసుకోజూస్తున్నారని మీరు వాదించవచ్చు. ఇచ్చిన హామీని దాదాపు పూర్తిగా హరించే మినహాయింపును న్యాయస్థానాలు సాధ్యమైనంత ఇరుకుగా అర్థం చేసుకుంటాయి.

అంతకంటే గట్టి వాదన ఇంకొకటి ఉంది. డబ్బు కోరుతూ విక్రేతకు మీరు పంపే నోటీసులో దాన్ని మొదటి పేరాలోనే పెట్టాలని నా సలహా. రవాణా ఏర్పాటు సరుకు స్వభావానికి తగినట్టుగా ఉండాలన్న బాధ్యత విక్రేతదే. భారత చట్టం 39వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఈ మాటే చెబుతుంది: సరుకు స్వభావాన్నీ, ఇతర పరిస్థితులనూ దృష్టిలో పెట్టుకుని విక్రేత రవాణాదారుతో తగిన ఒప్పందం చేసుకోవాలి, అలా చేయకపోవడం వల్ల సరుకు దారిలో దెబ్బతింటే, రవాణాదారుకు ఇచ్చినదాన్ని తనకిచ్చినట్టుగా ఒప్పుకోనని కొనుగోలుదారు చెప్పవచ్చు, లేదా నష్టపరిహారం కోరవచ్చు. అమెరికా కోడ్‌లోని 2-504 సెక్షన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. పాము తన శరీరపు వేడిని తానే నిలుపుకోలేని జీవి. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే అదీ అంత వేడెక్కుతుంది, మూసిన పెట్టెలో అది నీడ వెతుక్కుని తప్పించుకోలేదు. తీవ్రమైన ఎండల్లో అటువంటి జీవి పక్కన, ఇనుప పొడి గాలితో కలిసి గంటల తరబడి వేడి పుట్టించే హీట్ ప్యాక్ పెట్టడం సరుకు స్వభావాన్ని గమనించి చేసిన పని కాదు. బాధ్యత గల పెంపకందారులు ఇటువంటి వాతావరణంలో పంపకాన్ని వాయిదా వేస్తారు, లేదా కొరియర్ కేంద్రంలో చల్లటి చోట ఉంచి కొనుగోలుదారునే వచ్చి తీసుకోమంటారు. అందుచేత మరణానికి కారణం ఆలస్యం ఒక్కటే కాదని, పెట్టెను సిద్ధం చేసిన తీరు కూడా కారణమని మీరు చూపగలిగితే, కొరియర్ ఆలస్యపు మినహాయింపు వర్తించే ప్రసక్తే ఉండదు. కొరియర్ తప్పు నుంచి తప్పించుకోవడానికి రాసుకున్న నిబంధన తన సొంత తప్పుకు కవచం కాలేదు.

ఇక 2 గంటల గడువు. ఇటువంటి గడువు పెట్టడాన్ని నేను అన్యాయం అనను. కొన్న తర్వాత సరిగా చూసుకోక చంపుకుని, వచ్చేటప్పటికే చనిపోయి ఉందని చెప్పేవారి నుంచి పెంపకందారు తనను తాను కాపాడుకోవాలి కదా. అమెరికా కోడ్ ప్రకారం, స్పష్టంగా అసమంజసమని కనిపించని గడువును ఇరుపక్షాలూ ముందే నిర్ణయించుకోవచ్చు. త్వరగా పాడయ్యే సరుకుల విషయంలో తక్కువ గడువులు సాధారణమే. అయితే ఆ గడువు ఉద్దేశం సాక్ష్యాన్ని భద్రపరచడమే. మీరు పంపిన ఫోటోలే పాము పెట్టె రావడానికి ముందే చనిపోయిందని చూపుతుంటే, ఆ ఉద్దేశం నెరవేరినట్టే. మరోవైపు, భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వినియోగదారుడి హక్కుల్లో గణనీయమైన మార్పు తెచ్చే ఏకపక్ష షరతులున్న ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా నిర్వచించి, దానిపై రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. డబ్బు కోసం చేసే మామూలు ఫిర్యాదును మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. దానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంది.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టగలదని నేను చెప్పింది పక్కింటివారి విషయం. తీసుకొమ్మని మీరు ముందే చెప్పి ఉంచారు గనుక, వారి చేతికి వచ్చిన క్షణమే మీ చేతికి వచ్చినట్టని విక్రేత వాదిస్తారు, ఆ వాదనలో బలం ఉంది. ఆ తర్వాతి అయిదు గంటల్లో పెట్టె ఎండలో ఉందా, నీడలో ఉందా అన్నది అప్పుడు నిర్ణయాత్మకమైన ప్రశ్న అవుతుంది. ఇది మీకు ప్రతికూలమైన అంశమని దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే నోటీసు పంపకముందే మీరు దీనికి సిద్ధపడాలి. పెట్టెను ఎన్ని గంటలకు తీసుకున్నారో, ఎక్కడ ఉంచారో, తెరవకుండా ఉంచారో లేదో పక్కింటివారితో ఇప్పుడే రాయించి సంతకం తీసుకోండి. జ్ఞాపకం చెదిరిపోయాక రాసినదానికి విలువ తగ్గుతుంది. నీడపట్టున ఉన్న పెట్టెలో అప్పటికప్పుడు చనిపోయిన పాము పొట్ట రంగు మారి వాసన రావడానికి సాధారణంగా అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఈ విషయాన్ని మీరు నేను చెప్పానని రాస్తే చాలదు, సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడు రాతపూర్వకంగా చెప్పాలి.

అందుకే పాము శరీరాన్ని మీరు ఏం చేశారన్నది ముఖ్యం. ఇంకా మీ దగ్గరే ఉంటే వెంటనే పశువైద్యుడికి అప్పగించి శవపరీక్ష చేయించండి. శవపరీక్షకు ముందు శరీరాన్ని ఫ్రిజ్‌లో చల్లగా ఉంచాలి గాని ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, ఎందుకంటే గడ్డకడితే కణజాలం దెబ్బతిని పరీక్షకు పనికిరాకుండా పోతుంది. పరీక్షలో ఊపిరితిత్తుల వ్యాధో, పరాన్నజీవుల బెడదో బయటపడితే మీ కేసు మరో మలుపు తిరుగుతుంది. అప్పుడు ఆలస్యంతో గాని, గడువుతో గాని సంబంధం లేకుండా, అమ్మిన నాటికే లోపమున్న జీవిని అమ్మారన్న వేరే వాదన మీకు లభిస్తుంది. శరీరాన్ని ఇప్పటికే పాతిపెట్టి ఉంటే ఫోటోల అసలు ఫైళ్లను, అవి తీసిన సమయం చెరిగిపోకుండా, భద్రపరచండి. పెట్టెను, అందులోని హీట్ ప్యాక్‌ను, గాలి రంధ్రాల ఫోటోలను, కొరియర్ ట్రాకింగ్ వివరాలను, ఆ 2 రోజుల వాతావరణ నమోదును కూడా దాచండి. విక్రేత హామీ పేజీ నకలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, అటువంటి పేజీలను తర్వాత మార్చేవారు ఉంటారు.

ఈ సందర్భంలో ఇతర పాఠకుల కోసం ఒక మాట చెప్పక తప్పదు. చలిలో ప్రయాణించిన సరీసృపం కదలకుండా, బిగుసుకుపోయి, చనిపోయినట్టే కనిపించవచ్చు. దానిని గది ఉష్ణోగ్రతలో ఉంచి నెమ్మదిగా, కొన్ని గంటలపాటు వేడెక్కనిచ్చాక గాని చనిపోయిందన్న నిర్ణయానికి రాకూడదు. గడువు దాటిపోతుందన్న ఆందోళనలో ఫోటో తీసి పారవేస్తే, బతికే అవకాశమున్న ప్రాణం పోతుంది. ఫోటో గడువులోగా పంపండి, నిర్ధారణ తర్వాత చేయండి.

కొరియర్ సంస్థ మీద దావా వేయవచ్చా అని మీరు అడగలేదు గాని, విక్రేత మిమ్మల్ని అటువైపు పంపే ప్రయత్నం చేస్తారు. రవాణా ఒప్పందం పంపినవారికీ సంస్థకూ మధ్య ఉంటుంది, పైగా అనేక సంస్థలు జీవుల రవాణాను తిరస్కరిస్తాయి, లేదా బాధ్యతను బాగా పరిమితం చేసుకుంటాయి. అమెరికా తపాలా శాఖ పాములనూ, తాబేళ్లనూ అసలు స్వీకరించదు. పెట్టెలో జీవి ఉందన్న సంగతి దాచి విక్రేత పంపి ఉంటే కొరియర్ నుంచి రావలసిందేమీ ఉండదు, కానీ ఆ దాపరికమే విక్రేత మీద మీ వాదనను బలపరుస్తుంది. అందువల్ల పెట్టె మీద అంటించిన చీటీ మీద ఏమని రాసి ఉందో ఫోటో తీయండి.

పెట్టె దేశ సరిహద్దు దాటి వచ్చిందా అన్నది కూడా చూసుకోండి. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై 1973లో కుదిరి 1975 నుంచి అమలులో ఉన్న సైటీస్ ఒప్పందంలో బాల్ పైథాన్ రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశాల మధ్య పంపడానికి అనుమతి పత్రం తప్పనిసరి. భారతదేశంలోనైతే ఇటువంటి విదేశీ జాతులను దగ్గర ఉంచుకోవడానికి, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నమోదు చేయించాలి. ఈ పత్రాలు సరిగా లేకపోతే, నోటీసు ఇచ్చే ముందు స్థానికంగా ఒక న్యాయవాదిని స్వయంగా కలవండి. చట్టవిరుద్ధమైన లావాదేవీ మీద పరిహారం కోరడం మీకే ముప్పు తేవచ్చు.

ఎంత అడగాలన్నది చివరి విషయం. హామీ పత్రాలు సాధారణంగా జంతువు ధరకే, అదీ చాలాసార్లు మరో జంతువు రూపంలోనో, దుకాణంలో ఖర్చు పెట్టుకునే జమ రూపంలోనో పరిమితమవుతాయి. మీరు ధర, రవాణా రుసుము, పశువైద్యుడికి చెల్లించిన మొత్తం, ఈ మూడూ నగదుగా కోరండి. పెట్టె తెరిచినప్పుడు మీకు కలిగిన బాధను నేను తక్కువగా చూడడం లేదు, కానీ సరుకుల అమ్మకపు వివాదంలో మనోవేదనకు పరిహారం చాలా దేశాల్లో అరుదుగానే లభిస్తుంది గనుక దానిపై ఆశ పెట్టుకుని బలమైన డిమాండ్‌ను పలుచన చేయకండి. కార్డుతో చెల్లించి ఉంటే, ఫోటోలు, వైద్యుడి నివేదిక జతచేసి ఆ లావాదేవీపై బ్యాంకులో వివాదం నమోదు చేయండి; బ్యాంకు గడువులు కోర్టు గడువుల కంటే చాలా తక్కువగా ఉంటాయి కనుక, విక్రేతకు ఇచ్చే నోటీసుకు జవాబు వచ్చేదాకా దీనికోసం ఆగవద్దు.